నిమిషానికోసారా, గంటకోసారా?

ఇంటి డాబా మీద చిన్న వాతావరణ కేంద్రం పెట్టుకోవడం ఇప్పుడు పెద్ద వింతేమీ కాదు. గాలి వేగం కొలిచే గిన్నెలు, వాన కొలిచే గరాటు, ఉష్ణోగ్రత, తేమ చూసే సెన్సర్లు అన్నీ ఒక స్తంభానికి బిగిస్తారు. ఇంట్లో గోడ మీద ఒక తెర ఉంటుంది. వైఫైకి కలిపితే ఆ అంకెలు ఇంటర్నెట్‌లోకి వెళ్తాయి, ఏ ఊళ్లో ఉన్నవాళ్లయినా చూడవచ్చు. అమర్చేటప్పుడు ఫోన్‌లో ఒక ప్రశ్న ఎదురవుతుంది: వివరాలు ఎంతసేపటికోసారి పంపాలి? చాలామంది ఆలోచించకుండా అన్నిటికంటే చిన్న అంకె నొక్కేస్తారు. ఎంత తొందరగా పంపితే అంత మంచిదని వాళ్ల లెక్క. నా అభిప్రాయం వేరు. ఆ అంకెను రెండు విషయాలు చూసి ఎంచుకోవాలి. మనం కొలిచేది ఎంత త్వరగా మారుతుంది? దాన్ని ఎవరు, దేనికి వాడుకుంటారు?

ముందు లెక్క చూద్దాం. వెదర్ అండర్‌గ్రౌండ్ అనే వెబ్‌సైట్ 2.5 సెకన్లకోసారి పంపినా తీసుకుంటుంది. అలా పంపితే రోజుకు 34,560 సార్లు. నిమిషానికోసారి అయితే 1,440 సార్లు, 5 నిమిషాలకోసారి అయితే 288, 15 నిమిషాలకోసారి అయితే 96, గంటకోసారి అయితే 24. మన దేశంలో భారత వాతావరణ శాఖ ఆటోమేటిక్ కేంద్రాల వివరాలు 15 నిమిషాలకోసారి వస్తున్నాయి. దేశమంతటి వాతావరణాన్ని చూసే శాఖకు రోజుకు 96 సార్లు సరిపోతుంటే, మన డాబాకు ముప్పై నాలుగు వేల సార్లు ఎందుకు?

కొన్ని కొలతలకు తొందర అసలు అవసరం లేదు. మామూలు రోజున ఉష్ణోగ్రత ఒక నిమిషంలో డిగ్రీలో పదో వంతు కూడా మారకపోవచ్చు. వాన సంగతి ఇంకా తేలిక. గరాటు కింద ఉయ్యాలబల్లలా రెండు చిన్న తొట్లు ఉంటాయి. ఒకటి నిండగానే ఒరిగి నీళ్లు పారబోస్తుంది, రెండోది పైకి వస్తుంది. ఒక్కసారి ఒరిగితే 0.2 మిల్లీమీటర్లు, అలా లెక్క కూడుతూ పోతుంది. కాబట్టి 15 నిమిషాలకోసారి పంపినా మొత్తంలో ఒక్క చుక్క కూడా తప్పిపోదు.

గాలి మాత్రం అలా కాదు. సగటు గాలిని 10 నిమిషాలకు, ఒక్కసారిగా విసిరే గాలిని 3 సెకన్లకు లెక్కగట్టాలని ప్రపంచ వాతావరణ సంస్థ పద్ధతి. పంపే క్షణంలో ఉన్న గాలినే మీ పెట్టె పంపుతుంటే, మధ్యలో చెట్టు కూల్చిన విసురు ఎక్కడా కనబడదు. అందుకే ఎంతసేపటికోసారి పంపుతోందని చూడడంతో ఆగకూడదు. ఆ మధ్యకాలంలోని గరిష్ఠ వేగాన్ని కూడా పంపుతోందా లేదా అని చూసుకోవాలి.

మన జంషెడ్‌పూర్‌లో ఈ తేడా బాగా తెలుస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం దాకా ఎండ మండిపోతుంది. సాయంత్రం వాయవ్యం నుంచి నల్లమబ్బు లేస్తుంది. దుమ్ము, ఈదురుగాలి, ఉరుములు, ఒక్కోసారి వడగళ్లు. ఇక్కడివాళ్లు దాన్ని కాల్‌బైశాఖి అంటారు. ఒక్కోసారి అరగంటలోనే అంతా అయిపోతుంది. గంటకోసారి పంపే కేంద్రం నాలుగు గంటలకు 40 డిగ్రీలు, ఐదు గంటలకు 28 డిగ్రీలు చూపిందనుకోండి. మధ్యలో గాలివాన ఎప్పుడొచ్చింది, ఎంతసేపుంది, గాలి ముందా వాన ముందా, ఏమీ తెలియదు. ఇక్కడ గంట చాలా ఎక్కువ. జూలై, ఆగస్టుల్లో ముసురు పట్టి సువర్ణరేఖ, ఖర్కాయి నదులు నిండుతున్నప్పుడు మనకు కావలసింది గంటల మొత్తం, సెకన్ల లెక్క కాదు. చలికాలంలో అయితే 15 నిమిషాలు హాయిగా సరిపోతుంది. ఏడాదంతా ఒకే అంకె ఉంచాలంటే 5 నిమిషాలు సరైనదని నా ఉద్దేశం. కాల్‌బైశాఖి అందులో ఆరేడు చుక్కలుగానైనా కనబడుతుంది.

దీనికి ఎదురు వాదన ఒకటుంది. డేటా చవక, ఎక్కువ పంపితే తర్వాత సగటు తీసుకోవచ్చు, నమోదు కానిది మాత్రం మళ్లీ దొరకదు అంటారు. నిజమే. కానీ నమోదు చేయడం వేరు, పంపడం వేరు. నిమిషానికోసారి పెట్టెలోని మెమరీలో రాసుకోమని చెప్పి, ఇంటర్నెట్‌కు 5 నిమిషాలకోసారి పంపవచ్చు. అసలు ప్రమాదం ఇంకొకచోట ఉంది. గాలివాన రాగానే కరెంటు పోతుంది, రౌటర్ ఆగిపోతుంది. అప్పుడు 2.5 సెకన్లకోసారి పంపే కేంద్రం కూడా మూగదే. మెమరీ లేకపోతే మనకు అన్నిటికంటే కావలసిన ఆ అరగంటే ఖాళీగా మిగులుతుంది. కేంద్రం బ్యాటరీతో, సిమ్‌తో నడిచేదైతే ప్రతి పంపకానికీ బ్యాటరీ ఖర్చవుతుంది కూడా. కాబట్టి వేగం ఎంచుకునే ముందు మెమరీ ఉందా, బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుంది అని అడగాలి.

ఎవరి కోసం అన్నది రెండో ప్రశ్న. శ్రీకాకుళంలో ఉన్న అమ్మమ్మ ఫోన్ తెరిచి "మీ దగ్గర వాన పడుతోందా?" అని చూసుకోవడానికి 15 నిమిషాల పాత కబురైనా చాలు. పిడుగు హెచ్చరికకు మాత్రం నిమిషానికోసారి పంపే కేంద్రం కూడా పనికిరాదు. అందుకు దామిని యాప్ ఉంది, వాతావరణ శాఖ హెచ్చరికలున్నాయి. ఉరుము వినబడ్డాక అంకెలు చూడటానికి డాబా ఎక్కకూడదు.

వేగం కంటే క్రమం ముఖ్యమని మన తెలుగు నేల ఎప్పుడో చూపించింది. వాల్తేరు నుంచి బదిలీ మీద వచ్చినవాళ్లకు విశాఖలోని డాబాగార్డెన్స్ తెలిసే ఉంటుంది. 1840 ప్రాంతంలో గోడే వెంకట జగ్గారావు గారు అక్కడ తన సొంత ఖర్చుతో పరిశీలనాలయం కట్టించారు. భారత వాతావరణ శాఖ ఏర్పడింది 1875లో. అంటే దానికి ముప్పై ఏళ్లకు పైగా ముందే అన్నమాట. 1856లో జగ్గారావు గారు మరణించాక అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు ఆ పని ఆగనివ్వలేదు. విశాఖ వాతావరణ వివరాలను ప్రభుత్వానికి నివేదించే బాధ్యత కూడా తీసుకున్నారు. వైఫై లేదు, సెన్సర్ లేదు. ఒకరి తర్వాత ఒకరు పట్టుకుని నిలబెట్టారు, అంతే.

ఇది మనలాంటి పిల్లలకు బాగా తగులుతుంది. నాన్నకో అమ్మకో ఆర్డర్ రాగానే వాతావరణ కేంద్రం కూడా సామాన్లతో పాటు పెట్టెలోకి వెళ్తుంది. కొత్త ఊళ్లో బిగించినప్పుడు స్థలం వివరాలు మార్చడం మరిచిపోతే టాటానగర్ వాన వాల్తేరు పేరుతో లోకానికి వెళ్తుంది. 5 నిమిషాలకోసారి పంపే అబద్ధం కంటే అసలు పంపకపోవడమే మేలు. మార్చినా సరే, పాత ఊరి లెక్క అక్కడితో తెగిపోతుంది.

అందుకే ఇళ్లలో ఎన్ని ఉన్నా, మన విద్యాలయం మీద ఒకటి ఉండాలని నా కోరిక. నిమిషానికోసారి మెమరీలో నమోదు, 5 నిమిషాలకోసారి అప్‌లోడ్, కరెంటు పోయినా నడిచేందుకు బ్యాటరీ. దాని పక్కనే మామూలు వానకొలత గొట్టం ఒకటి. వాతావరణ శాఖవాళ్లు 24 గంటల వానను లెక్కగట్టే ఉదయం 8:30కే సైన్స్ క్లబ్ విద్యార్థి ఒకరు దాన్ని చూసి రిజిస్టర్‌లో రాయాలి. మిషను తప్పు చెబితే ఆ రిజిస్టరే పట్టిస్తుంది. రాసే చెయ్యి రెండు మూడేళ్లకోసారి మారుతుంది, మారనివ్వండి. మనం బదిలీ అవుతాం, ఆ లెక్క మాత్రం ఇక్కడే ఉండాలి.