ఒక తప్పు రంధ్రం



చాలా రోజుల తరువాత ఈ పుట తెరిచాను. ఆరు మాసాలు అమెరికాలో, టెక్సాసు రాష్ట్రంలో డాలసు నగరానికి సమీపాన మా అబ్బాయి ఇంట ఉండి, గత మాసంలోనే స్వగ్రామం చేరుకున్నాను. యాత్రావిశేషాలు వ్రాయవలసిందని కొందరు మిత్రులు కోరారు. జలపాతాల గురించీ, ఆకాశహర్మ్యాల గురించీ నాకంటె ముందు వెళ్ళినవారు కావలసినంత వ్రాశారు. నేను వ్రాయబోయేది ఆ ఇంటి కారు షెడ్డులో ఒక ఉక్కు కడ్డీకి వేసిన రంధ్రం గురించి. ముప్పైమూడేళ్ళు బడిలో తెలుగు చెప్పినవాడికి ఉక్కుతో ఏమి పని అని నవ్వుకోకండి. చివరికి నేను చేరేది బడికే.

మా అబ్బాయి వృత్తిరీత్యా కంప్యూటర్ల మనిషి. గత నాలుగేళ్ళుగా శని ఆదివారాలలో షెడ్డులో ఇద్దరు కూర్చునే చిన్న విమానం ఒకటి కట్టుకుంటున్నాడు. మొదట విన్నప్పుడు హాస్యమనుకున్నాను. కాదట. ఆ దేశంలో ఇటువంటివారు వేల సంఖ్యలో ఉన్నారు. 1953లో విస్కాన్సిన్ రాష్ట్రంలో పాల్ పోబరెజ్నీ అనే ఆయన వీరికోసం ఒక సంఘం స్థాపించాడు. 1970 నుండి ఆ రాష్ట్రంలోనే ఓష్‌కోష్ అనే ఊళ్ళో ఏటేటా వీరి తిరునాళ్ళ జరుగుతున్నది. నన్ను ఆకర్షించినది వీరికి అనుమతి నిచ్చే చట్టం. విమానంలో సగానికి మించిన భాగాన్ని స్వయంగా నిర్మించుకోవాలి, ఆ నిర్మాణం కేవలం తన విద్య కోసమో వినోదం కోసమో అయి ఉండాలి అని ఆ నిబంధన సారాంశం. విమానాల చట్టంలో 'విద్య' అనే మాట! పండితుణ్ణి గదా, ఆ మాట దగ్గర ఆగిపోయాను.

ఇక ఆ కడ్డీ సంగతి. ఈ విమానానికి ముందు రెండు పెద్ద చక్రాలు, తోక కింద ఒక చిన్న చక్రం. ఆ తోకచక్రం చూడటానికి పిల్లల బండి చక్రమంత ఉంటుంది గాని, దాని బాధ్యత చిన్నది కాదు. ఇటువంటి విమానాలకు బరువు కేంద్రం ముందు చక్రాలకు వెనుకగా ఉంటుంది. కనుక నేల దిగిన తరువాత తోక ఏ మాత్రం పక్కకు జారినా, ఆ జారుడు తనంతట తాను పెరిగి విమానం గిరుక్కున తిరిగిపోగలదు. అట్లా తిరగకుండా పట్టి ఉంచడంలో తోకచక్రానిది ముఖ్యపాత్ర. ఆ చక్రాన్ని విమానానికి కలిపేది ఒక పొడుగాటి ఉక్కు కడ్డీ. నేల తగిలినప్పుడల్లా అది విల్లులా వంగి, దెబ్బను తాను తీసుకొని, మళ్ళీ నిటారవుతుంది. దాని కొనను చక్రం తాలూకు గొట్టంలో దూర్చి, అడ్డంగా రంధ్రం వేసి, బోల్టు బిగించాలి. చక్రం సరిగ్గా నిలువుగా నిలవాలి గనుక, గొట్టాన్నీ కడ్డీనీ జతచేసి చూసుకొని ఆ రంధ్రాన్ని కట్టుకొనేవాడే వేసుకోవాలి.

ఆ కడ్డీ పానం పట్టిన ఉక్కు. పానం పట్టడమంటే ఏమిటో మా తరంవారికి చెప్పనక్కరలేదు. మా ఊరి కమ్మరి కొడవలిని కొలిమిలో ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచేవాడు. దానితో ఉక్కు గట్టిపడుతుంది గాని, గాజులాగా పెళుసవుతుంది. అందుకని మళ్ళీ తగుమాత్రం వేడి చూపి ఆ పెళుసుతనాన్ని విరుస్తారు. గడ్డి పసుపు రంగు వస్తే సుమారు 230 డిగ్రీలు, నీలం వస్తే సుమారు 300. కమ్మరి ఉష్ణమాపకం లేకుండానే రంగు చూసి అది గ్రహించేవాడు. విమానపు కడ్డీకి జరిగినదీ స్థూలంగా ఇదే, కాకపోతే కర్మాగారంలో, కొలతల ప్రకారం.

మొదటి రోజు మా అబ్బాయి మామూలు డ్రిల్లు తీసుకొని, వేగంగా తిప్పి, గట్టిగా పట్టాడు. చెవులు చిల్లులు పడే కీచుమనే శబ్దం, పొగ. పది నిమిషాల తరువాత చూస్తే కడ్డీమీద అద్దంలా మెరిసే ఒక చిన్న గుంట, చేతిలో మొద్దుబారిన ములుకు. అట్లా మూడు ములుకులు పోయాయి. నేను ఉండబట్టలేక, "ఆ చోటు కాస్త కాల్చి మెత్తపరచరాదూ?" అన్నాను. వాడు నవ్వి, "కాల్చితే పానం పోతుంది నాన్నగారూ. అక్కడ మెత్తన, పక్కన గట్టి అవుతుంది. తరువాత ఆ సరిహద్దులోనే వంగుతుంది, లేదా విరుగుతుంది" అన్నాడు.

ఆ వీధి చివర యంత్రశాలలో పనిచేసి విరమించిన ఒక అమెరికన్ వృద్ధుడు ఉన్నాడు. ఆయన వచ్చి చూసి, వేగమే అసలు దోషమని తేల్చాడు. ములుకు ఉక్కును కోయకుండా రాపిడి చేస్తున్నదట. ఆ రాపిడిలో పుట్టిన వేడి ములుకు పదునును తినేస్తుందట. కోబాల్టు కలిసిన ములుకు కావాలి. నిమిషానికి మూడు నాలుగు వందల చుట్లు మించకూడదు. బరువు మాత్రం గట్టిగా మోపాలి, నూనె పోస్తూ ఉండాలి, రజను చుట్టలు చుట్టుకొని బయటికి రావాలి. కడ్డీ గుండ్రని ఒళ్ళుది గనుక ములుకు జారకుండా గట్టి ఉక్కుతో చేసిన మార్గదర్శి గొట్టం ఒకటి పెట్టుకోవాలి. అన్నిటినీ మించి, చేతి యంత్రం కాకుండా స్తంభానికి బిగించిన డ్రిల్లు వాడాలి.

కోబాల్టు ములుకు వచ్చింది గాని, స్తంభపు డ్రిల్లు దొరకడానికి వారం పడుతుందన్నారు. వాడు ఆగలేకపోయాడు. ఒక రాత్రి, మార్గదర్శి గొట్టమైనా లేకుండా, చేతి యంత్రంతోనే పని ముగించాడు. రంధ్రం పడింది. అయితే ఒకవైపు సరిగ్గా మొదలై, ఆవలివైపు ఒకటిన్నర మిల్లీమీటర్లు పక్కకు తేలింది. బోల్టు దూరదు.

ఒకటిన్నర మిల్లీమీటర్లు! నేను దిద్దిన కాగితాలలో అది అరసున్న మందం కూడా కాదు. "రంధ్రాన్ని కాస్త పక్కకు సాగదీసి బోల్టు వేసెయ్. పైన వాషర్ వస్తుందిగా, ఎవరికి కనబడుతుంది?" అన్నాను. నిజంగానే ఎవరికీ కనబడదు. తనిఖీకి వచ్చే అధికారి ప్రతి బోల్టూ విప్పి చూడడు.

"కనబడకపోవడమే అసలు చిక్కు నాన్నగారూ. సాగిన రంధ్రంలో బోల్టు ఆడుతుంది. పగులు మొదలైతే అదీ వాషర్ కిందే మొదలవుతుంది" అన్నాడు. లాగుతున్న పలకలో గుండ్రని రంధ్రం ఉంటే దాని అంచున ఒత్తిడి సుమారు మూడు రెట్లవుతుందని 1898లోనే కిర్ష్ అనే జర్మను ఇంజనీరు గణితంతో నిరూపించాడట. సక్రమంగా వేసిన రంధ్రం మాటే అది. వంకర రంధ్రం గతి వేరే చెప్పాలా? వాడు ఆ కడ్డీకి ఎర్ర రంగు పూసి మూలన పడేశాడు. కొత్త కడ్డీకి డబ్బు కట్టాడు, మూడు వారాలు కాచుకున్నాడు.

నన్ను కదిలించినది ఆ తరువాత చేసిన పని. విమానం కట్టేవారు ఒక దినచర్య పుస్తకం వ్రాసుకుంటారు. తామే కట్టామనడానికి అదే సాక్ష్యం. అందులో ఆ రాత్రి వాడు ఛాయాచిత్రంతో సహా వ్రాశాడు: తొందరపడ్డాను, గొట్టం పెట్టుకోలేదు, రంధ్రం తప్పింది, భాగాన్ని పారవేశాను. ఆ పుస్తకాన్ని తనిఖీకి వచ్చేవారూ చూస్తారు. అయినా వ్రాశాడు.

అది చూసి నాకు వీడి ఎనిమిదో తరగతి గుర్తుకు వచ్చింది. మా బడిలోనే, నా తరగతిలోనే చదివాడు. పంతులుగారి కొడుకు తప్పు వ్రాయకూడదని ఒక్కొక్క తప్పుకు ఒక్కొక్క బెత్తం దెబ్బ. ఏడాది చివర చూస్తే వాడి ఉక్తలేఖనం పుస్తకంలో పదునాలుగు కాగితాలు లేవు. తప్పులున్న కాగితాలన్నీ చించి పారేశాడు. అందుకూ కొట్టాను. తప్పు దాచడం నేర్పినది నా బెత్తమే అన్న సంగతి నాకు పాతికేళ్ళ తరువాత ఆ షెడ్డులో తెలిసింది. వాషర్ కింద దాచమని సలహా చెప్పినదీ నేనే గదా! వాడు ఆ పాఠాన్ని ఎక్కడో మరచి వచ్చాడు, నేను మరవలేదు.

మన బడులలో బెత్తం ఇప్పుడు చట్టవిరుద్ధం. 2009 నాటి విద్యాహక్కు చట్టం దానిని నిషేధించింది. అయితే తప్పు పట్ల మన దృష్టి మారిందా అన్నదే నా ప్రశ్న. బెత్తం స్థానంలో మార్కులు వచ్చాయి, ర్యాంకులు వచ్చాయి. దాచుకోవలసిన అవసరం అట్లాగే ఉన్నది. పిల్లవాడు లెక్క ఎక్కడ తప్పాడో చెప్పడు, పక్కవాడిది చూసి జవాబు వేస్తాడు.

భయం లేనిదే క్రమశిక్షణ ఎట్లా వస్తుందని నా తోటి ఉపాధ్యాయులు కొందరు అంటారు. నేనూ అన్నవాడినే. ఆకాశంలో ఎగిరేవారు ఈ ప్రశ్నకు రక్తంతో జవాబు నేర్చుకున్నారు. 1974 డిసెంబరు 1న వర్జీనియాలో ఒక ప్రయాణికుల విమానం కొండను ఢీకొని 92 మంది మరణించారు. ఆరు వారాల ముందు మరొక సంస్థ విమానం అదే మార్గంలో, అదే పొరపాటుతో, అదే కొండను వెంట్రుకవాసిలో తప్పించుకున్నది. ఆ సంగతి ఆ సంస్థ నాలుగు గోడల మధ్యనే ఉండిపోయింది. ఆ దుర్ఘటన తరువాత, 1976లో, విమానచోదకులు తమ పొరపాట్లను తామే చెప్పుకునే ఏర్పాటు ఒకటి అక్కడ నెలకొన్నది. దానిని నడిపేది శిక్ష విధించే శాఖ కాదు, నాసా. చెప్పినవారి పేరు బయటపెట్టరు. తెలియక చేసిన తప్పును పది రోజులలోపు చెప్పుకుంటే సాధారణంగా జరిమానా ఉండదు. దానివల్ల క్రమశిక్షణ చెడలేదు. తప్పులు వెలుగులోకి వచ్చాయి, తరువాతివారు బ్రతికారు.

ప్రమాణాన్ని తగ్గించమని నేను అనడం లేదు. ఆ కడ్డీ విషయంలో ఒకటిన్నర మిల్లీమీటర్ల తప్పును కూడా మా అబ్బాయి క్షమించలేదు. నేనైతే క్షమించమన్నాను! శిక్ష పడినది కడ్డీకి, దానిని చేసినవాడికి కాదు. తెలుగు పంతుళ్ళకు నా మనవి ఇంతే: ప్రతి విద్యార్థి చేతా ఒక తప్పుల పుస్తకం పెట్టించండి. తాను ఏమి తప్పు వ్రాశాడో, ఎందుకు తప్పాడో, ఎట్లా దిద్దుకున్నాడో అందులో వాడే వ్రాయాలి. దానికి మార్కులు తగ్గించవద్దు. వీలైతే మొదటి పుటలో మీ తప్పు ఒకటి మీరే వ్రాసి ఇవ్వండి. నాది ఇప్పుడు వ్రాశాను.

కొత్త కడ్డీకి స్తంభపు డ్రిల్లుతో రంధ్రం వేసిన రోజున నూనె పోసే పని నాకు అప్పగించాడు. నలభై నిమిషాలు పట్టింది. చివర రీమరుతో నునుపు చేసి, అంచుల గరుకు తీసి, బోల్టు పెడితే బొటనవేలి ఒత్తిడితో బిగుతుగా దిగింది. విమానం ఇంకా ఎగరలేదు. ఎర్ర రంగు పూసిన ఆ పాత కడ్డీని అడిగి తెచ్చుకున్నాను. విమానాశ్రయంలో దానిని చూసి అధికారులు రెండు మూడు ప్రశ్నలు వేశారు. ఇప్పుడు నా వ్రాతబల్ల మీద కాగితాలు ఎగిరిపోకుండా ఉన్నది.

మీలో ఉపాధ్యాయులైనవారు తమ అనుభవాలు వ్యాఖ్యలలో తెలుపవలసిందిగా ప్రార్థన. ఈ టపాలో అచ్చుతప్పులుంటే చెప్పండి, దాచను.

స్వస్తి.