జబ్బు తలలోనా, తరగతి గదిలోనా?

మన పల్లెల్లో మనసుకు జబ్బు చేస్తే జబ్బు అనరు. గాలి సోకింది అంటారు, చేతబడి అంటారు, అదీ కాకపోతే పొగరు అంటారు. పది రోజులుగా గోడవైపు తిరిగి పడుకున్న మనిషిని పని ఎగ్గొడుతున్నాడని ఆసామి తిడతాడు. ఇంట్లోవాళ్లు భూతవైద్యుడి దగ్గరికి తీసుకుపోతారు. కోడి పోద్ది, అప్పు మిగులుద్ది, జబ్బు అట్లాగే ఉంటది. 2001 ఆగస్టులో తమిళనాడులోని ఏర్వాడిలో దర్గా చుట్టుపక్కల నడిచే ఒక ఆశ్రమానికి నిప్పంటుకుంటే, గొలుసులతో కట్టేసి ఉన్న పాతికమందికి పైగా మనోరోగులు కదల్లేక కాలిపోయారు. వాళ్లని వైద్యం కోసమనే అక్కడ వదిలిపెట్టి వచ్చారు.

ముందు మన ఉద్యమం వాళ్లతోనే నాకో తగాదా ఉంది. "మన దుఃఖానికి కారణం కులం. మాత్రలు మింగితే కులం పోద్దా? అవి మనల్ని నిద్రపుచ్చే మందులు" అని కొందరు అన్నలు మీటింగుల్లో చెప్తన్నారు. వినటానికి బాగానే ఉంటది. మరి టీబీ ఎవరికి ఎక్కువ వస్తంది? ఇరుకు ఇళ్లలో అర్ధాకలితో బతికేవాళ్లకే గదా. పేదరికం పోయినాక దగ్గు తగ్గించుకుందాం అని టీబీ మాత్రలు మానేస్తామా?

నిద్ర పట్టదు, ముద్ద దిగదు, ఏ పనీ సాగదు, చచ్చిపోతే బాగుండనిపిస్తది. ఇది రెండు వారాలకు మించి ఉంటే డాక్టరుకు చూపించాల్సిన జబ్బే. చావు ఆలోచన వస్తే మాత్రం రెండు వారాలు ఆగొద్దు, ఆరోజే చూపించండి. దీనికిచ్చే మాత్రలు పనిచెయ్యటానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మనవాళ్లు మూడోరోజుకి గుణం లేదని మానేస్తారు, నెలకి గుణం కనపడిందని మానేస్తారు. డాక్టరు చెప్పకుండా మానకూడదు. చెవిలో ఎవరో మాట్లాడుతున్నట్టు వినపడే జబ్బుకి 1950ల నుంచీ మందులున్నాయి. కరెంటు షాకంటే సినిమాల్లో చూసి హడలిపోతారు. మత్తు ఇవ్వకుండా షాకు పెట్టటాన్నీ, రోగిని గొలుసుతో కట్టెయ్యటాన్నీ 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. కులాన్నిబట్టి వైద్యంలో తేడా చూపకూడదనీ, పేదలకి ఉచితంగా చెయ్యాలనీ, తెల్లకార్డు లేకపోయినా చెయ్యాలనీ అదే చట్టం చెప్తంది. ఆస్పత్రిలో ఈ మాట గట్టిగా అడగండి. ఫోనులో మాట్లాడాలంటే 14416 ఉంది, తెలుగులో చెప్పుకోవచ్చు, డబ్బులు పడవు.

మాటల వైద్యం కూడా ఉంది. అమెరికాలో ఆరన్ బెక్ అనే డాక్టరు 1960లలో ఒక పద్ధతి తెచ్చాడు. దిగులుపడ్డ మనిషికి ఆలోచన వంకర పోతుంది. ఒక్క పరీక్ష తప్పితే "నేనెందుకూ పనికిరాను" అనుకుంటాడు. ఆ మాటని కాగితం మీద రాయించి, "దీనికి రుజువేంటి? కాదనటానికి రుజువేంటి?" అని ఇద్దరూ కూర్చుని వెతుకుతారు. చాలామందికి పనిచేసే పద్ధతి, నేను కాదనను. కాకపోతే మన పిల్ల కౌన్సిలరు దగ్గరికి పోయి "నేను కూర్చున్న బల్ల దగ్గరికి ఎవ్వరూ రారు సార్" అంటే "అది నీ అపోహమ్మా" అనేస్తే అది వైద్యమెట్లా అవుతుంది? రుజువు వెతకాలి గదా! హాస్టలు మెస్సుకి పోయి ఒక్కపూట చూస్తే తెలిసిపోద్ది ఆ పిల్ల చెప్పింది అపోహో నిజమో.

ఎదుటివాడు తప్పితే వాడి గుణం అంటాం, మనం తప్పితే పరిస్థితి అంటాం. లీ రాస్ అనే ఆయన 1977లో ఈ దోషానికి ఒక పేరే పెట్టాడు. మా స్టాఫ్ రూముల్లో ఇరవై ఏళ్లుగా వింటున్న సంగతే ఇది. రెడ్డిగారబ్బాయి ఫెయిలైతే "పాపం, జ్వరమొచ్చింది". మాదిగ పిల్లోడు ఫెయిలైతే "వాళ్లకి ఎక్కదండీ". ఇది బడితో ఆగలేదు. సస్పెండ్ చేసి హాస్టలు నుంచి వెళ్లగొట్టిన అయిదుగురిలో రోహిత్ వేముల ఒకడు. 2016 జనవరి 17న అతను పోయినాక విచారణ చేసిన రూపన్‌వాల్ కమిషను కూడా సొంత కారణాలనే రాసింది. హాస్టలు తలుపుకి వేసిన తాళం కమిషనుకి కారణంగా కనపడలేదు.

ఇంకొకటి వినండి. ప్రపంచబ్యాంకు మనకి చుట్టమేం కాదు గానీ, దాని తరఫున కార్లా హాఫ్, ప్రియాంక పాండే అనే ఇద్దరు ఉత్తరప్రదేశ్ పల్లెల్లో ఒక పరీక్ష చేసి 2004లో బయటపెట్టారు. ఆరు, ఏడు తరగతుల మగపిల్లలు. పైకులాల వాళ్లు 321 మంది, చమార్ కులం వాళ్లు 321 మంది. కాగితం మీద చిక్కుదారి బొమ్మలిచ్చి దారి కనుక్కోమన్నారు. కులం ఎత్తనప్పుడు రెండువైపులా ఇంచుమించు సమానంగా చేశారు. ఇంకొన్ని గుంపుల్లో ముందుగా ఒక్కొక్కడి పేరు, ఊరు, తండ్రి పేరు, తాత పేరు, కులం అందరి ముందూ చదివారు. అవునని తల ఊపాలి, అంతే. ఆ తల ఊపినాక మన పిల్లల లెక్క బాగా పడిపోయింది. అవే బొమ్మలు, అదే వయసు పిల్లలు. తెలివి లేకపోతే కులం చెప్పకముందు ఎక్కణ్ణించి వచ్చింది?

ఇది చదివినప్పుడు నాకు ఉత్తరప్రదేశ్ గుర్తురాలేదు. "ఎస్సీ పిల్లలు లేచి నిలబడండి, స్కాలర్‌షిప్ ఫారాలొచ్చినయ్" అనే మాట గుర్తొచ్చింది. నేను చదువుకున్నప్పుడూ అట్లాగే నిలబెట్టారు. ఇప్పటికీ కొన్ని బళ్లలో నిలబెడుతున్నారు, అదీ లెక్కల పీరియడు మధ్యలో. చెడ్డ ఉద్దేశంతో చేసేవాళ్లు కొందరే. మిగతావాళ్లకి అదొక గుమాస్తా పని. కూర్చున్నాక ఆ పిల్లవాడు లెక్క ఎట్లా చేస్తాడో ఎవరూ చూడరు. ఆ పిల్లవాడికి మాత్ర రాసేదేముంటది? మందు అక్కర్లేని చోట ఇదొకటి.

జూన్‌లో బళ్లు తెరుస్తారు. మీ ఊళ్లో నలుగురు తల్లులు, ఇద్దరు యువకులు కలిసి హెడ్మాస్టరు దగ్గరికి పోండి. ఫారాలు ఆఫీసు గదిలో ఒక్కొక్కరినీ పిలిచి ఇవ్వండి, తరగతిలో కులం పేరుతో లేపొద్దు అని చెప్పండి. దీనికి జీవో రానక్కర్లేదు, నిధులు మంజూరవనక్కర్లేదు. ఒప్పుకోకపోతే ఏమన్నారో ఒక కార్డు మీద రాసి పత్రికకి పంపండి.