జావళికీ గజలుకూ వేదికపై చోటు లేదా?

గత సంవత్సరం వార్షికోత్సవానికి పాటల పట్టిక తయారుచేసే సమావేశంలో రెండు పాటలను కొట్టివేశారు. ఒకటి తెలుగు విద్యార్థిని పాడదలచిన జావళి. రెండవది ఉర్దూ విద్యార్థి ఎన్నుకొన్న దాగ్ దెహల్వీ గజలు. రెండింటిపై మోపిన నేరం శృంగారమే. పట్టికలో మిగిలిన సినిమా పాటలలో శృంగారం తక్కువేమీ కాదు. కానీ వాటి అర్థాన్ని ఎవరూ అడుగలేదు. ఆ సమావేశంలో మేమూ ఉన్నాము. ఒక్క మాటైనా పలుకలేదు.

మరునాడు తరగతిలో ఆ విద్యార్థిని మమ్ము అడిగింది: "సార్, క్షేత్రయ్య పదం గురించి పరీక్షలో వ్రాస్తే మార్కులు వేస్తారు గదా, పాడితే తప్పెట్లా అవుతుంది?" మాకు సమాధానం తోచలేదు. ఈ నాలుగు మాటలూ అందుకే వ్రాస్తున్నాము.

కొట్టివేసిన ఆ రెండు రకాల పాటలూ పందొమ్మిదవ శతాబ్ది చివరి భాగంలో రసికుల నాలుకలపై నర్తించినవి. క్షేత్రయ్య పదం నిదానంగా, నిండు నదివలె సాగుతుంది. జావళి చురుకైనది. అలకలు, ఎత్తిపొడుపులు, చెలికత్తెతో మొరలు, అన్నీ ఇంటిలో మాట్లాడుకొనే తెలుగులోనే. తమిళదేశంలో ఉండి ధర్మపురి సుబ్బరాయర్ ఇటువంటి తెలుగు జావళులు కట్టారు. త్యాగరాజస్వామి శిష్యపరంపరకు చెందిన పట్నం సుబ్రహ్మణ్య అయ్యర్ (1845–1902) కూడా జావళి కట్టడానికి సంకోచించలేదు. అంతటివారికి లేని సంకోచం మనకెందుకు? పైగా ఖమాసు, బేహాగు, జంఝూటి వంటి జావళి రాగాల పేర్లు ఉత్తరాది ఠుమ్రీ గాయనికి పరాయివి కావు.

ఇక దాగ్. 1831లో ఢిల్లీలో జన్మించి, 1857 కల్లోలం తరువాత రాంపూరు చేరి, 1888లో హైదరాబాదు వచ్చారు. 1891లో ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్‌కు కవితా గురువైనారు. 1905లో ఇక్కడనే కన్నుమూశారు. నాంపల్లి యూసుఫైన్ దర్గాలో ఆయన సమాధి ఉన్నది. పారశీక సమాసాల బరువు తగ్గించి ఢిల్లీ వీధుల నుడికారంతో గజలు చెప్పినందుననే గాయనులు ఆయనను అంతగా పాడుకొన్నారు. జావళిలోని నాయిక ఏ ధోరణిలో నిష్ఠూరమాడుతుందో దాగ్ గజలులోని ప్రేమికుడిదీ ఆ ధోరణియే. ఇది మాకు చాలాకాలంగా ముచ్చటగొలిపే విషయం. "ముస్లిం అయ్యుండి జావళికి వకాల్తా పుచ్చుకొన్నారే!" అని ఒక మిత్రుడు పరిహాసమాడినారు. వకాల్తా రెండింటికీ కలిపే పుచ్చుకొన్నాము.

ఈ పాటలను కాపాడినది ఎవరు? సంఘం వెలివేసిన స్త్రీలు. 1890లలో మద్రాసులో నాట్యవ్యతిరేకోద్యమం బలపడినది. మన కందుకూరి వీరేశలింగం పంతులుగారు అంతకు పూర్వమే భోగం మేళాలను నిరసించారు. పంతులుగారిని మేము తప్పుపట్టము. పసిప్రాయంలోనే ఆడపిల్లను ఆ వృత్తిలోకి నెట్టడం అన్యాయమే. అయితే వృత్తితోపాటు పాటనూ దోషిగా నిలబెట్టడం జరిగింది. అప్పటికీ వీణ ధనమ్మాళ్ (1867–1938) ఇంట జావళి నిలిచింది. ఆమె మనుమరాండ్రు బృంద, బాలసరస్వతి దానిని తరువాతి తరాలకు అందించారు. కలకత్తాలో గౌహర్ జాన్ 1902లోనే గ్రామఫోను రికార్డులకు పాడినది. తరువాత కులీన గృహాలవారు ఇవే పాటలను సభలలో పాడితే చప్పట్లు మ్రోగాయి. మొదట పాడిన ఇండ్ల పేర్లు మాత్రం ఎవరూ ఎత్తలేదు.

ప్రతి జావళీ విద్యార్థుల వేదికకు తగినదని మా వాదన కాదు. తగనివి ఉన్నవి. ఏరుకొనడానికే అధ్యాపకులమున్నాము. ఈ సంవత్సరం ఒక జావళి, ఒక గజలు పట్టికలో చేర్చవలసిందిగా కమిటీ పెద్దలను సవినయంగా కోరుతున్నాము. పాటకు ముందు కవి పేరుతోపాటు ధనమ్మాళ్, గౌహర్ జాన్‌ల పేర్లు కూడా ప్రకటించాలి. ఆ ప్రకటన వ్రాసే బాధ్యత మాది. ఈసారి సమావేశంలో మౌనం వహించము. ఆ విద్యార్థినికి కళాశాలలో ఇది చివరి సంవత్సరం.