కొత్త కుర్రాళ్లు మ్యాట్‌ ఎక్కేందుకు రెడీనా? ప్రో కబడ్డీ అనుభవం ఏం చెబుతోంది?

సూర్యాపేట: తుంగతుర్తి, కోదాడ, మిర్యాలగూడ వైపు ఏ ఊళ్లో బరి గీసినా చుట్టూ జనం చేరతారు. ఇంకా చెడుగుడు అనే పిలిచే పెద్దోళ్లూ అందులో ఉంటారు. ఊరి టోర్నీలో ఒకే కూతలో ముగ్గుర్ని అవుట్‌ చేసిన కుర్రాణ్ని చూసి "వీడు టీవీలో ఆడాల్సినోడు" అనడం మామూలే. మరి నిజంగా ఆడగలడా? ఆడితే ఎన్ని నిమిషాలు ఆడించాలి? ప్రో కబడ్డీ మొదలైన 2014 నుంచీ కోచ్‌లను వేధిస్తున్న ప్రశ్న ఇదే.

ఈ ప్రశ్న సూర్యాపేటకు కొత్తేం కాదు. 2021 మార్చిలో 47వ జాతీయ జూనియర్‌ కబడ్డీ పోటీలు ఇక్కడే జరిగాయి. దేశం నలుమూలల నుంచి 20 ఏళ్ల లోపు ఆటగాళ్లు వచ్చారు. మార్చి 22 సాయంత్రం ప్రేక్షకుల గ్యాలరీ కూలి వంద మందికి పైగా గాయపడటంతో అందరికీ ఆ ప్రమాదమే గుర్తుండిపోయింది. నిజం చెప్పాలంటే, ఆ రోజు ఆడటానికి వచ్చిన పిల్లలు రెడీగానే ఉన్నారు. రెడీగా లేనిది మనం కట్టిన గ్యాలరీ.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం.

జూనియర్‌ బాలుర కబడ్డీలో బరువు పరిమితి 70 కిలోలు. సీనియర్‌ పురుషుల్లో 85 కిలోలు. పేపర్‌ మీద 15 కిలోలే తేడా. కానీ మ్యాట్‌ మీద ఆ బరువున్న డిఫెండర్‌ నడుం పట్టి డ్యాష్‌ ఇస్తే 68 కిలోల కుర్రాడు లాబీ అవతల పడతాడు. పైగా మట్టి బరిలో నేర్చుకున్నోడికి మ్యాట్‌ మీద కాలు వేరేలా పడుతుంది. మట్టిలో జారిన పాదం మ్యాట్‌ మీద పట్టేస్తుంది, మోకాలు మెలి తిరుగుతుంది. ఆటొచ్చినా ఒళ్లు సిద్ధంగా లేకపోతే కెరీర్‌ మొదట్లోనే ఆగిపోయే ప్రమాదం ఉంది.

మరి 18 ఏళ్లకే దుమ్ము రేపినోళ్లు లేరా? ఎందుకు లేరు! నవీన్‌ కుమార్‌నే తీసుకోండి. 2018లో ఆరో సీజన్‌లో దబంగ్‌ ఢిల్లీ తరఫున దిగినప్పుడు అతనికి 18 ఏళ్లు. మరుసటి సీజన్‌లోనే 300 రైడ్‌ పాయింట్లు దాటేశాడు. 'నవీన్‌ ఎక్స్‌ప్రెస్‌' అన్న పేరు అలాగే వచ్చింది. తాజాగా పట్నా పైరేట్స్‌ కుర్రాడు అయాన్‌ లోహ్‌చబ్‌ 11వ సీజన్‌లో అడుగుపెట్టి, 2025లో జరిగిన 12వ సీజన్‌లో ఏకంగా 316 రైడ్‌ పాయింట్లతో బెస్ట్‌ రైడర్‌ అయ్యాడు.

ఈ ఇద్దర్నీ చూసి "చూశారా, కుర్రాళ్లకు ఛాన్స్‌ ఇస్తే చాలు" అనేస్తారు చాలామంది. అక్కడే పొరపాటు. ఇద్దరూ రైడర్లు. రైడర్‌ది ఒంటరి పని. 30 సెకన్లు, ఒక్కడే కూతకెళ్తాడు, తప్పు చేస్తే తనే బయటికెళ్తాడు. డిఫెండర్‌ అలా కాదు. కార్నర్‌లో ఉన్న కుర్రాడు అర సెకను ముందు యాంకిల్‌ హోల్డ్‌కి దూకితే పక్కన కవర్‌లో ఉన్నోడు కూడా చిక్కుకుంటాడు. ఒక్కడి తొందరకు రెండు మూడు పాయింట్లు పోతాయి. అందుకే కొత్త రైడర్‌ను తొందరగా దింపొచ్చు కానీ, కొత్త డిఫెండర్‌కు పక్కనోళ్లతో కలిసి ఒక సీజన్‌ ప్రాక్టీస్‌ కావాల్సిందేనని మా అంచనా.

ఆగినోళ్ల కథ కూడా చూడాలి. పవన్‌ సెహ్రావత్‌ 2016లోనే బెంగళూరు బుల్స్‌కు ఆడాడు. ఐదో సీజన్‌లో గుజరాత్‌కు వెళ్తే అక్కడ పెద్దగా ఛాన్సులే రాలేదు. ఆరో సీజన్‌లో మళ్లీ బెంగళూరుకొచ్చి 271 రైడ్‌ పాయింట్లు కొట్టాడు. 2019 జనవరి 5న ఫైనల్లో ఒక్కడే 22 పాయింట్లు తెచ్చి బుల్స్‌ను ఛాంపియన్‌ చేశాడు. ఓడింది ఎవరో తెలుసా? తనను బెంచ్‌ మీద కూర్చోబెట్టిన గుజరాతే!

టైటాన్స్‌ నేర్పిన పాఠం

మన టీమ్‌ సంగతి చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. సిద్ధార్థ్‌ దేశాయ్‌ ఆరో సీజన్‌లో యు ముంబాకు కొత్తగా వచ్చి 200కు పైగా పాయింట్లు సాధించాడు. లీగ్‌కు కొత్తే గానీ వయసులో కుర్రాడేం కాదు, అప్పటికే పాతికేళ్లు దాటాడు, ఒళ్లు గట్టిపడింది. తర్వాతి సీజన్‌కు తెలుగు టైటాన్స్‌ అతణ్ని రూ.1.45 కోట్లకు కొనుక్కుంది.

ఎనిమిదో సీజన్‌లో ఆ సిద్ధార్థే గాయంతో తప్పుకోవాల్సి వచ్చింది. కూత భారం రజనీశ్‌, అంకిత్‌ బేనివాల్‌ లాంటి యువకుల మీద పడింది. వాళ్లు పాయింట్లు తేలేదా? తెచ్చారు. అయినా 22 మ్యాచ్‌ల్లో టైటాన్స్‌ గెలిచింది ఒక్కటంటే ఒక్కటే. ఇది ఆ కుర్రాళ్ల తప్పని అనలేం. పక్కన అనుభవం ఉన్న తోడు లేకుండా, డూ ఆర్‌ డై కూతలన్నీ కొత్తవాళ్లకే వదిలేస్తే ఫలితం ఇలాగే ఉంటుంది.

తర్వాతి రెండు సీజన్లలోనూ రెండేసి గెలుపులే. పదో సీజన్‌కు పవన్‌ మీద రూ.2.60 కోట్లు పెట్టినా ఆఖరి స్థానమే దక్కింది. అంటే ఒక్క స్టార్‌తోనూ పని కాలేదు, ఒక్క యువరక్తంతోనూ కాలేదు. 12వ సీజన్‌లో విజయ్‌ మాలిక్‌ కెప్టెన్సీలో, కోచ్‌ క్రిషన్‌ కుమార్‌ హుడా చేతిలో జట్టు కుదురుకుంది. ప్లే ఆఫ్స్‌లో అయాన్‌ ఉన్న పట్నాను ఇంటికి పంపి క్వాలిఫయర్‌ 2 దాకా వెళ్లింది. 300 పాయింట్ల రైడర్‌ ఎదురుగా ఉన్నా, కలిసి ఆడిన జట్టుదే పైచేయి అయింది.

ఇదే చిక్కు బాస్కెట్‌బాల్‌లోనూ ఉంది. 1996లో స్కూల్‌ నుంచి నేరుగా ఎన్‌బీఏకు వచ్చిన కోబీ బ్రయంట్‌కు తొలి సీజన్‌లో మ్యాచ్‌కు సగటున 15 నిమిషాలే ఇచ్చారు. ఆ తర్వాత ఎన్‌బీఏ 19 ఏళ్లు నిండితేనే డ్రాఫ్ట్‌ అని రూల్‌ పెట్టింది. 2015లో పంజాబ్‌ కుర్రాడు సత్నామ్‌ సింగ్‌ను డల్లాస్‌ డ్రాఫ్ట్‌లో తీసుకుంటే దేశమంతా సంబరపడింది. కానీ ఎన్‌బీఏ లీగ్‌ మ్యాచ్‌లో ఒక్క నిమిషం కూడా ఆడే అవకాశం రాలేదు. టీమ్‌లో పేరుండటం వేరు, కోర్టులో నిలబడటం వేరు.

కొత్త రూల్‌తో కొత్త కష్టం

ఇంతకుముందు ప్రో కబడ్డీలో ఏడు పాయింట్ల లోపు తేడాతో ఓడితే ఒక పాయింట్‌ దక్కేది. ఒక్కో జట్టుకు 22 మ్యాచ్‌లు ఉండేవి. 12వ సీజన్‌లో మ్యాచ్‌లు 18కి తగ్గాయి, గెలిస్తే రెండు, ఓడితే సున్నా. ఇది చిన్న మార్పులా కనిపిస్తుంది గానీ కుర్రాళ్ల మీద పెద్ద దెబ్బ. ఓటమికి కాస్త ఊరట ఉన్నప్పుడు చివరి పది నిమిషాలు కొత్తోణ్ని దింపి చూసే ధైర్యం కోచ్‌కు ఉంటుంది. సున్నా అని తెలిశాక ఎవరు రిస్క్‌ చేస్తారు? యువ ఆటగాళ్ల కోటాలో తీసుకుని డగౌట్‌లో టవల్‌ పట్టుకుని కూర్చోబెడితే ఆట ఎప్పుడొస్తుంది?

మన వైపు పిల్లల సంగతి ఇంకాస్త కష్టం. టైటాన్స్‌ను నడిపించిన స్టార్లు చూడండి. రాహుల్‌ చౌదరిది యూపీ, దేశాయ్‌ది మహారాష్ట్ర, పవన్‌ది ఢిల్లీ, విజయ్‌ మాలిక్‌ది హర్యానా. జెర్సీ మీద తెలుగు పేరుంది, ముందు నడిచేది మాత్రం బయటివాళ్లే. సత్తా లేక అనుకుంటే పొరపాటు. హర్యానా కుర్రాడు ప్రో లీగ్‌కు వచ్చేసరికే మ్యాట్‌ మీద ఏళ్ల తరబడి సీనియర్లతో తలపడి ఉంటాడు. తుంగతుర్తి కుర్రాడు మట్టి బరి నుంచి నేరుగా సెలక్షన్‌కు వెళ్తాడు. సీఎం కప్‌ గ్రామ పంచాయతీ నుంచి మొదలై రాష్ట్ర స్థాయి దాకా వెళ్లడం మంచిదే. అది ముగిశాక మిగతా పదకొండు నెలలు ఆ పిల్లోడు ఎక్కడ ఆడాలి, ఎవరితో ఆడాలి అన్నదే తేలడం లేదు. మండల కేంద్రంలో ఒక మ్యాట్‌, వారానికి రెండుసార్లు సీనియర్‌ జట్టుతో ప్రాక్టీస్‌ మ్యాచ్‌ ఉంటే చాలు, సెలక్షన్‌కు వెళ్లేలోపే 85 కిలోల డ్యాష్‌ ఎలా ఉంటుందో వాడికి తెలిసొస్తుంది.