చౌడు తలరాత కాదు, పాలకుల రాత

తెల్లగా ఉప్పు పేరిన కయ్యను చూసి మనవాళ్ళు 'మన తలరాత' అని నిట్టూరుస్తారు. కాదు. నేలకు తలరాత లేదు. పదేళ్ళు, ఇరవై ఏళ్ళు దాని మీద ఎలాంటి సేద్యం చేస్తే నేల అలా తయారవుతుంది. ఆ సేద్యం ఎలా ఉండాలో తేల్చేది నీళ్ళ మీద పెత్తనం. రాయలసీమ రాష్ట్రం కావాలంటే 'పదవుల కోసమా?' అని ఎగతాళి చేసేవాళ్ళకు ముందు ఈ మట్టి సంగతి చెబుతాం.

చౌడు రెండు రకాలు. పైన తెల్లటి ఉప్పు పొర కట్టేది పాలచౌడు. మంచినీళ్ళు పెట్టి, ఆ నీళ్ళు బయటికి పోయే దారి చూపిస్తే ఉప్పు కడుక్కుపోతుంది. రెండోది కారుచౌడు. ఇందులో సోడియం మట్టిని పట్టుకుని వదలదు. వానొస్తే జిగట, ఎండితే బండ. నీళ్ళు ఇంకవు, వేరు దిగదు. దీనికి జిప్సం కావాలి.

ఈ కారుచౌడు బాగుపడదని ఎవరన్నారు? హర్యానాలోని కర్నాల్‌లో 1969లో కేంద్రం చౌడు నేలల కోసమే పరిశోధనా సంస్థ పెట్టింది. జిప్సం వేయించారు. గట్లు కట్టి నీళ్ళు నిలిపి వరి నాటించారు, ఆ వెనక గోధుమ చల్లించారు. జిప్సంలోని కాల్షియం సోడియాన్ని తోసేసింది, నీళ్ళు దాన్ని కిందికి దింపాయి. వరి వేళ్ళు, జీలుగ పచ్చిరొట్ట ఏటా మట్టికి బలం పోశాయి. పంట మీద పంట పడేకొద్దీ చౌడు తగ్గింది, నేల గుల్లబారింది. పంజాబ్, హర్యానా, ఉత్తరప్రదేశ్‌లలో ఇలా సుమారు 20 లక్షల హెక్టార్లు సాగులోకి వచ్చాయి. రైతు చెమట ఒక్కటే చేసిన పని కాదిది. జిప్సానికి సర్కారు రాయితీ ఇచ్చింది, నేలలు బాగుచేసే సంస్థలు నడిపింది.

ఇప్పుడు మన ఎగువకు రండి. 1953లో నీళ్ళిచ్చిన తుంగభద్ర డ్యాం ఆయకట్టు చూడండి. నల్లరేగడిలో ఎక్కువ భాగం ఆరుతడి పంటలే వేయాలని, వరికి కొద్ది భూమే అని అప్పుడు లెక్క రాసుకున్నారు. ఆ లెక్క కాగితం మీదే ఉండిపోయింది. గంగావతి, సింధనూరు దిక్కున కాలువ తలాపున ఎటు చూసినా వరే. కోస్తా నుంచి వెళ్ళి క్యాంపులు కట్టుకున్న రైతులూ అదే వేశారు, స్థానికులూ అదే వేశారు. రైతును తప్పుపట్టం. నీళ్ళు వదిలినవాడిని అడుగుతున్నాం. రెండు కార్లూ నీళ్ళు నిలబడితే భూగర్భ జలం పైకి లేస్తుంది. ఎండకు ఆ నీరు ఆవిరవుతుంది, ఉప్పు పైన మిగులుతుంది. ఇలా లక్ష హెక్టార్లకు దగ్గరగా ఊట, చౌడు పాలయ్యాయి. కర్నాల్‌లో దశాబ్దాల సేద్యం చౌడును మాగాణి చేసింది. తుంగభద్ర తలాపున దశాబ్దాల సేద్యం మాగాణిని చౌడు చేసింది.

మరి చివరి భూముల గతి? దిగువ కాలువ సుమారు 250 కిలోమీటర్లు కర్ణాటకలోనే నడిచి కర్నూలు జిల్లాకు వస్తుంది. దాని కింద మనకు రాసిచ్చింది 24 టీఎంసీలు. బళ్ళారి వరి మళ్ళు తాగగా మిగిలిందే ఆదోని, ఎమ్మిగనూరు చేలకు. పూడిక వల్ల డ్యాం కూడా చిక్కిపోయింది. మొదట 133 టీఎంసీలు పట్టింది, 2016 సర్వేలో 106కు లోపే తేలింది. ఒకచోట నీళ్ళు ఎక్కువై నేల చచ్చింది, ఇంకోచోట నీళ్ళు లేక చచ్చింది. తప్పు నీళ్ళది కాదు, పంపకానిది.

సీమలో నీళ్ళు లేని రైతు బోరును నమ్ముకున్నాడు. లోతుకు పోయేకొద్దీ చాలా చోట్ల ఉప్పునీళ్ళే, సోడా నీళ్ళే. వాటినే ఏళ్ళ తరబడి పెడితే మంచి నేల కూడా కారుచౌడుకు తిరుగుతుంది. ఆ ఉప్పును కడిగే వాన ఏది? అనంతపురంలో ఏడాదికి పడేది 550 మిల్లీమీటర్ల లెక్కన. కాలువ నీళ్ళున్న పల్లపు రేగళ్ళలో వంకలు పూడిపోతే ఊట చౌడు. అటు చూస్తే బోరు చౌడు, ఇటు చూస్తే ఊట చౌడు.

కృష్ణా, గోదావరి డెల్టాల మురుగు సమస్యకు 1960లలోనే మిత్రా కమిటీ వేశారు. ఉప్పు నేలల పరిశోధనకు బాపట్లలో కేంద్రం ఉంది. ఉండాలి, మాకు కడుపుమంట లేదు. సీమ వంకల మీద, సీమ చౌడు మీద ఆ శ్రద్ధ ఏదీ అని అడుగుతున్నాం. తుంగభద్ర, కృష్ణా, పెన్నా నీళ్ళలో మొదట సీమకే అని 1937లో శ్రీబాగ్ ఒడంబడికలో రాసుకున్నారు. ఆ కాగితానికీ చౌడు పట్టింది.

'కర్ణాటకకు సొంత రాష్ట్రం ఉంది కదా, అక్కడ చౌడు ఆగిందా?' అని అడుగుతారు. ఆగలేదు. అందుకే జెండా మారితే మట్టి మారుతుందని మేం చెప్పం. రాష్ట్రం వస్తే లెక్క అడిగే గడప మన ఊళ్ళోనే ఉంటుంది. ఆ గడప ముందు పెట్టాల్సిన జాబితా ఇప్పుడే రాసుకుందాం. 24 టీఎంసీలూ మన సరిహద్దులో కొలిచి ఇవ్వాలి. గుండ్రేవుల కట్టాలి. వంకల పూడిక తీయాలి. జిప్సం, జీలుగ విత్తనం అదునుకు ముందే ఊరికి చేరాలి. ఏ మడికి ఏ చౌడో ఊరి చావడిలో పటం వేలాడాలి.

వ్యవసాయ కళాశాలల విద్యార్థులారా! సెలవులకు ఊరెళ్ళినప్పుడు మీ చేలమట్టి, బోరు నీళ్ళు తెచ్చి పరీక్ష చేయించండి. ఉద్యోగ మిత్రులారా! మీ బీరువాల్లో నిద్రపోతున్న పరీక్షల లెక్కలు రైతుకు చేరనివ్వండి. ఉప్పు తిన్న నేల మనది. ఆ ఉప్పుకు జవాబు చెప్పాల్సింది పాలకులు.