చుక్కల లెక్క తప్పొద్దు!

లావెండర్, నిమ్మగడ్డి, నీలగిరి... పరిమళ తైలం ఏదైనా సీసాలోంచి నేరుగా ఒంటికి రాసుకుంటున్నారా? వద్దు. ఇవి చాలా గాఢమైనవి. చర్మం మండొచ్చు, దద్దుర్లు రావచ్చు. అందుకే అరోమాథెరపీలో వీటిని మరో నూనెలో కలిపి వాడతారు. దాన్నే క్యారియర్ ఆయిల్ అంటారు. ఖరీదైన బాదం, జొజోబా నూనెలే కానక్కర్లేదు. వంటింట్లోని కొబ్బరినూనె, నువ్వులనూనె చాలు.

పెద్దవాళ్లకైతే చెంచా (5 మి.లీ.) నూనెకు 2 చుక్కలు. ముందుగా మోచేతి లోపలివైపు కాస్త రాసి, ఒక రోజు ఆగండి. దురద, ఎరుపు లేకపోతేనే మర్దనా చేసుకోండి.

జలుబు చేసిందని పసిపిల్లల ముక్కు దగ్గర నీలగిరి తైలం రాయకండి. ఊపిరాడక ఇబ్బంది పడొచ్చు. పొరపాటున మింగితే ఫిట్స్ కూడా రావచ్చు. అప్పుడు వాంతి చేయించకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. సీసాను పిల్లలకు అందనంత ఎత్తులో ఉంచండి.