వాన మబ్బు ఒకవైపు.. వడ్ల రాశి మరోవైపు

వేసవి తొలి ఉరుములతో అన్నదాతల్లో గుబులు
చేలో పైరు కన్నా కల్లంలో ధాన్యానికే ముప్పు

మెదక్: పగలంతా నిప్పులు చెరిగే ఎండ. పొద్దు వాలే వేళకు కమ్ముకొచ్చే కారుమబ్బు. అశ్విని కార్తె నుంచి భరణి కార్తె దాటే వరకు మెదక్ ప్రాంతంలో ఏటా కనిపించే దృశ్యమిది. పట్టణవాసికి ఆ సాయంత్రపు జల్లు ఉపశమనం. ఘనపురం ఆనకట్ట ఆయకట్టులోను, బోర్ల కింద యాసంగి వరి వేసిన గ్రామాల్లోను అదే జల్లు కంటి మీద కునుకు లేకుండా చేస్తోంది. రానున్న వారం రోజులు ఆకాశాన్ని ఎంత జాగ్రత్తగా గమనించాలో, కొనుగోలు కేంద్రాలను అంతకు మించి గమనించవలసి ఉంది.

ఉరుములు ఎందుకు?

ఏప్రిల్, మే మాసాల్లో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటినప్పుడు నేల వేడెక్కి గాలి వేగంగా పైకి లేస్తుంది. బంగాళాఖాతం నుంచి వచ్చే తేమ దానికి తోడవుతుంది. విదర్భ, మరాఠ్వాడా ప్రాంతాల నుంచి కర్ణాటక మీదుగా తమిళనాడు వరకు తరచూ ఏర్పడే ద్రోణి ఆ తేమను ఒకచోటికి చేర్చుతుంది. ఫలితంగా గంటా రెండు గంటల్లోనే క్యుములోనింబస్ మేఘాలు పెరిగి గాలిదుమారం, పిడుగులు, ఒక్కోసారి రాళ్లవాన కురిపిస్తాయి. మధ్యాహ్నం వరకు నిర్మలంగా ఉన్న ఆకాశాన్ని నమ్మడానికి వీల్లేకపోవడానికి కారణమిదే.

సూచనను ఎలా చదవాలి?

హైదరాబాద్ వాతావరణ కేంద్రం ప్రతిరోజూ ఏడు రోజుల సూచనను జిల్లాల వారీగా విడుదల చేస్తుంది. అందులో 'ఒకటి రెండు చోట్ల' అన్న మాటను చాలామంది తేలికగా తీసుకుంటారు. ఆ ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాల్లో నాలుగో వంతుకు మించకుండా వాన పడుతుందన్నదే దాని అర్థం. పడిన చోట తక్కువగా పడుతుందని కాదు. ఉరుముల మేఘం కొద్ది కిలోమీటర్ల మేరకే విస్తరిస్తుంది. ఒక ఊరు పూర్తిగా నష్టపోయి పక్క ఊరిలో చినుకైనా రాలకపోవడం అందుకే. వారం ముందు సూచన ఏ జిల్లాకు ముప్పో చెప్పగలదు తప్ప ఏ ఊరికో చెప్పలేదు. దానికి మూడు గంటల ముందు వెలువడే తక్షణ హెచ్చరికే ఆధారం. పసుపు రంగు హెచ్చరిక గమనిస్తూ ఉండమని, నారింజ రంగు సిద్ధంగా ఉండమని, ఎరుపు రంగు వెంటనే కదలమని సూచిస్తాయి.

రాశి తడిస్తే లెక్క లేదు

చేలో నిలిచిన పైరు దెబ్బతింటే కనీసం సర్వే జరుగుతుంది. 33 శాతానికి పైగా నష్టం జరిగితే పెట్టుబడి రాయితీకి నిబంధనలున్నాయి. కోసి, కేంద్రానికి తెచ్చి, తూకం కోసం ఎదురుచూస్తున్న ధాన్యం తడిస్తే ఆ లెక్కలోకి రాదు. తేమ 17 శాతానికి మించితే కొనరు. రంగు మారినా, మొలకెత్తినా మిల్లుల వద్ద తరుగు పేరిట కోత తప్పదన్నది రైతుల ఆవేదన. 2025-26 సీజనుకు ఏ గ్రేడు ధాన్యం మద్దతు ధర క్వింటాలుకు 2,389 రూపాయలు. ఎకరాకు 25 క్వింటాళ్ల దిగుబడి అనుకుంటే రైతు కళ్ల ముందున్న రాశి విలువ దాదాపు 60 వేల రూపాయలు. ఆరు నెలల కష్టం ఒక్క సాయంత్రం వానకు గురయ్యే స్థితి ఇది.

అనుభవాలు మరవరాదు

2023 మార్చి మూడో వారంలో కురిసిన వడగళ్ల వానకు రాష్ట్రంలో 2.28 లక్షల ఎకరాల్లో పంట దెబ్బతిన్నట్లు ప్రభుత్వం అంచనా వేసింది. అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ఎకరాకు 10 వేల రూపాయల సాయం ప్రకటించారు. రాశి విలువతో పోలిస్తే ఇది ఆరో వంతు మాత్రమే. 2024 మే 26న వీచిన పెనుగాలులకు నాగర్‌కర్నూల్ జిల్లా ఇంద్రకల్‌లో నిర్మాణంలో ఉన్న కోళ్ల షెడ్డు గోడ కూలి నలుగురు మరణించారు. నష్టం పంటతోనే ఆగదని ఆ దుర్ఘటన చాటింది.

ఈ వారం చేయవలసింది

హెచ్చరిక వెలువడిన రోజున కోతలు వాయిదా వేసుకోవడం రైతు చేతిలో ఉన్న పని. కోసిన ధాన్యాన్ని పల్లంలో కాక మెరక మీద ఆరబోసి, మధ్యాహ్నం మూడు గంటలకల్లా కుప్ప చేసి పరదా కప్పాలి. కుప్ప చుట్టూ చిన్న కాలువ తీస్తే అడుగు తడవదు. మిగిలినదంతా యంత్రాంగం చేతిలో ఉంది. పరదాలు, గోనె సంచులు, హమాలీలు, లారీలు మబ్బు పట్టక ముందే కేంద్రాలకు చేరాలి. తూకమైన ధాన్యం అదే రోజు మిల్లుకు తరలాలి. వారం సూచనను బట్టి ముప్పు ఉన్న మండలాలకు ముందుగా లారీలు కేటాయించడం అసాధ్యమేమీ కాదు.

పశువుల కాపరులు, కూలీలు ఉరుము వినగానే చెట్ల కిందికి కాక పక్కా కట్టడంలోకి చేరాలి. పిడుగు ముప్పును 20, 40 కిలోమీటర్ల పరిధిలో తెలిపే 'దామిని' యాప్ ఊరికి ఒకరి ఫోన్‌లో ఉన్నా పదిమందిని అప్రమత్తం చేయవచ్చు.

శాశ్వత మార్గం సాగు కాలాన్ని ముందుకు జరపడమే. మార్చి ఆఖరుకు కోతలు ముగిసేలా యాసంగి నాట్లు వేయాలన్న ఆలోచన 2023లో ప్రభుత్వ స్థాయిలోనే చర్చకు వచ్చింది. వానాకాలం నాట్లు ఆలస్యమైతే యాసంగీ ఆలస్యమవుతుంది గనుక, సకాలంలో కాలువ నీరు అందనిదే అది సాధ్యం కాదు. అంతవరకు ఏటా ఈ కార్తెల్లో రైతుకు మిగిలేది ఒక కన్ను మబ్బు మీద, మరో కన్ను తూకం కాంటా మీద.